నేను కత్తిరించిన ఊపిరి

ఒకచోట కూర్చుని రాయడం నాకు చేతకాదు. నాలుగు వాక్యాలు రాయగానే కాలు నిలవదు. లేచి వాకిట్లోకి పోతాను, మత్తిగిరి రోడ్డు మీద ఒక బస్సు పోయేదాకా చూసి మళ్ళీ వస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా పాటలు రికార్డు చేసిన మనిషిని నేను. కృష్ణగిరిలో మొదలుపెట్టి హోసూరులో ముగించాను. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి కదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు పది నిమిషాలు కుదురుగా ఉండలేను. దానికి కారణం ఉంది. అది చెప్పడానికే ఈ రాత.

సౌండ్ ఇంజినీర్లు అవ్వాలని వచ్చే పిల్లలు నన్ను అడిగేది ఒకటే. ఏ మైకు మంచిది సార్, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి సార్? అవన్నీ మీ ఫోన్లోనే దొరుకుతాయి నాయనా, పోయి చూసుకోండి. నేను చెప్పదలచుకున్నది ఒక ఇటలీ ఆయన ఊదిన సాక్సాఫోన్ ఆల్బమ్ గురించి. సోల్, బ్లూస్ పాటలు, అంటే అమెరికా నల్లజాతి వాళ్ళ నుంచి వచ్చిన సంగీతం. మీరు విని ఉండరు. ఎవరూ వినలేదు. అది మంచి ఆల్బమ్ అని ఈ రోజుకీ ఎవరితోనైనా వాదానికి దిగుతాను. దాన్ని పాడుచేసిందీ నేనే.

దొరస్వామి గారి బ్లేడు

మాది ఉద్దనపల్లి పక్కన గొర్రెలు మేపుకునే ఇల్లు. మా అన్న ఇప్పటికీ మంద తోలుతున్నాడు. నేను రేడియోలు విప్పి బిగించే పని నేర్చుకుని, ఆ దారిన కృష్ణగిరిలో దొరస్వామి గారి స్టూడియోకు చేరాను. స్టూడియో అంటే పాత్రల అంగడి మీద రెండు గదులు. గోడలకు గోనెసంచులు కొట్టి, పైన దుప్పట్లు వేలాడదీశారు. దేవుడి పాటల క్యాసెట్లు చేసేవాళ్ళం. పొద్దున తమిళం, మధ్యాహ్నం తెలుగు, సాయంత్రం కన్నడం. దేవుడు ఒకడే, పాడే ఆమె కూడా ఒకతే.

దొరస్వామి గారు కోపిష్ఠి. కానీ ఆయన చెవి లాంటి చెవి నేను మళ్ళీ చూడలేదు. మామిడికాయల కాలంలో లారీలు రోడ్డు మీద బారులు తీరితే, హారన్‌కూ హారన్‌కూ మధ్య ఉన్న సందు చూసి చెయ్యి ఊపేవారు. ఆ సందులో ఒక చరణం లాగేసేవాళ్ళం. ఒకసారి ఎండకు తాళలేక నేను చిన్న ఫ్యాను పెట్టుకున్నాను. నాలుగు పాటల నిండా దాని రొద పడింది. ఆయన తిట్టలేదు. నాలుగు పాటలూ పాడిన ఆమె ఇంటికి నన్నే పంపించారు, మళ్ళీ రమ్మని అడగమని. ఆ గుమ్మంలో నిలబడి నీళ్ళు నమిలినప్పుడు నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ నేర్పరు.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. పాటలో ఊపిరి వినపడకూడదు. పాడేవాళ్ళు చరణానికి ముందు గాలి పీల్చుకుంటారు కదా, ఆ చప్పుడు ఉండకూడదు. పెదవి విడిన చప్పుడు కూడా ఉండకూడదు.

"వెంకటేశప్పా, దేవునికి పెట్టే పండు కొరికి పెడతామా?" అన్నారు మొదటి వారమే. "ఊపిరి సద్దు వినిపిచ్చిందంటే ఎంగిలి చేసినట్లే. కోసెయ్."

టేపును చేత్తో అటూ ఇటూ తిప్పి, ఊపిరి ఉన్నచోట గుర్తు పెట్టి, బ్లేడుతో అంగుళమో అరంగుళమో కోసి, రెండు కొసలూ అతికించాలి. సాయంత్రానికి నా కాళ్ళ దగ్గర గోధుమరంగు ముక్కలు కుప్ప పడేవి. ఒకరోజు పొద్దున జయమ్మ, అంటే నా భార్య, నా చొక్కా జేబులో ఒక ముక్క చూసి ఇదేంటని అడిగితే, పాటగత్తె ఊపిరి అని చెప్పాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కానీ మా క్యాసెట్లకు పేరు వచ్చింది దానివల్లే. గుక్క తిప్పుకోకుండా పాడిందప్పా, ఏం గొంతప్పా అని జనం చెవులు కోసుకునేవాళ్ళు. గుక్క తిప్పుకుంది. అది నా జేబులో ఉంది.

ఇంకో అలవాటు కూడా ఆయనదే. పని పూర్తయిన రోజే అసలు టేపును చెరిపి, మళ్ళీ వాడుకోవడం. రెండు అలవాట్లూ నా చేతికి పట్టేశాయి. దొరస్వామి గారి తప్పు అనను. దేవుడి పాటకు ఆయన చెప్పింది సరే కావచ్చు. ఆ ఒక్క చోటి రూలును అన్ని చోట్లకూ మోసుకుపోయింది నా బుర్ర.

రెంజో

హోసూరు వచ్చి సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకున్నాక ఒకరోజు ఒక తెల్లాయన మెట్లెక్కి వచ్చాడు. పొడుగు మనిషి, నెరిసిన గడ్డం, చంకలో సాక్సాఫోన్ పెట్టె. పేరు రెంజో. ఇక్కడొక ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి యంత్రం వస్తే దాన్ని నిలబెట్టడానికి వచ్చాడు. మత్తిగిరిలో మా ఇంటికి రెండు వీధుల అవతల మేడ మీద ఉండేవాడు. ఏడాది ఉండాల్సిన పని. ఆ ఏడాదిలో ఒక ఆల్బమ్ చేసుకుపోవాలని అతని కోరిక.

ఆదివారాలు రికార్డింగ్. హోసూరు చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన వచ్చేవాడు. బెంగళూరు నుంచి డ్రమ్స్, బేస్ గిటార్ వాయించేవాళ్ళు ఇద్దరు వచ్చేవాళ్ళు. నాకు ఈ సంగీతం కొత్త. బ్లూస్ అంటే ఏమిటో అప్పటిదాకా తెలియదు. మొదటి పాట విన్నప్పుడే ఒళ్ళు జలదరించింది. పోట్లాడి పుట్టింటికి పోయిన మనిషి మళ్ళీ తలుపు తట్టినట్టు ఉంటుంది ఆ సాక్సాఫోన్. బతిమాలదు, తడుతూనే ఉంటుంది. రెండో పాటలో ఆర్గన్ ఆయన చర్చి వాయింపును వదల్లేదు, రెంజో వదలమనలేదు. ఆ రెండూ కలిసిన చోట ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి. ఆల్బమ్‌కు "మొదటి షిఫ్ట్" అని పేరు పెట్టాడు. పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడే మనుషుల కోసమట.

చివరి పాట పేరు "కెలవరపల్లి". సెలవు దొరికితే ఆ ఊరి డ్యామ్ గట్టు మీద పోయి కూర్చునేవాడు. ఆ పాటలో డ్రమ్స్ లేవు, ఆర్గన్ లేదు. సాక్సాఫోన్ ఒక్కటే. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో రాగి ముద్ద, అనపగింజల పులుసు తిని వచ్చి, కళ్ళు మూసుకుని ఒక్కసారే ఊదేశాడు. రెండోసారి ఊదనన్నాడు.

పని అయిపోగానే ఇటలీకి పోయాడు. పోతూ పోతూ, రికార్డింగులన్నీ కలిపి పాటగా చేసే మిక్సింగ్ అంతా నాకే వదిలేశాడు. "నీ చెవి మీద నమ్మకం వెంకటేశప్పా" అన్నాడు. ఆ ఒక్క అప్పా మాత్రం మనవాళ్ళలాగే పలికేవాడు.

నేను నా చేతనైనంత గొప్పగా చేయాలనుకున్నాను. అప్పటికి టేపులు పోయి కంప్యూటర్ వచ్చింది. వారాల తరబడి కూర్చుని, ప్రతి పాటలోనూ రెంజో పీల్చిన ప్రతి ఊపిరినీ వెతికి తీసేశాను. కొన్ని పెద్దవి, బొంగురువి, ఈల వేసినట్టుండేవి. ఇంత మంచి వాయింపులో ఈ గురక ఏమిటని విసుక్కుంటూ తీశాను. "కెలవరపల్లి" లో అయితే తోడు వాద్యాలు లేవు కాబట్టి ఊపిరి తీసేసి, మిగిలిన ఖాళీ కూడా లాగి దగ్గరకు అతికించేశాను. నీళ్ళు జారినట్టు వచ్చింది. మురిసిపోయాను. ఇటలీకి పంపిన సాయంత్రమే అసలు రికార్డింగులన్నీ డిస్కులోంచి చెరిపేశాను. అలవాటు.

రెంజో సీడీ అచ్చు వేయించి ఒకటి నాకు పంపాడు. లోపల చిన్న చీటీ. "చాలా శుభ్రంగా ఉంది. థాంక్స్ అప్పా." ఆ సీడీ అట్టను చట్రం కట్టించి స్టూడియో గోడకు తగిలించాను. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు ఆ సీడీయే వినిపించేవాణ్ణి. పని అంటే ఇట్లా ఉండాలి అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

నాగరాజప్ప

స్టూడియో మూసేశాక, పోయిన ఏడు, నాగరాజప్ప ఇంటికి వచ్చాడు. ఉద్దనపల్లి మనిషి, పెళ్ళిళ్ళలో సాక్సాఫోన్ వాయిస్తాడు. చిన్నప్పటి నుంచి స్నేహం. మాటల్లో సీడీ పెట్టాను. చివరి పాట దగ్గర లేచి నిలబడ్డాడు. ఇది నేర్చుకుంటానని పట్టుకుపోయాడు.

పది రోజులకు తిరిగి వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈయప్ప మనిషేనా, ఇంకేమన్నానా? నేను ఇరవై ఏండ్లుగా ఊదతా ఉండాను. ఈ పాట ఊదతే నడుమనే కండ్లు తిరిగినాయి. ఊపిరి తీసుకుందామంటే యాడా తావే లేదే!"

"ఉండేదిలే నాగరాజప్పా. నేనే తీసేసినాను. శుభ్రంగా ఉంటుందని."

అతను అప్పుడు చెప్పులు విప్పాడు. తర్వాత అరుగు మీద కూలబడ్డాడు.

"ఊపిరి తీసేసినావా? సాక్సాఫోన్ అంటే ఏమనుకున్నావప్పా? ఇత్తడి వాయిస్తాదా? మాకు ఊపిరి తీసుకునేది కూడా పాటే. యాడ తీస్తాము, ఎంత తీస్తాము, ఆడనే తెలిసిపోతాది వాడు ఎట్లాంటోడని. నువ్వు ఆ మనిషినే తీసి పారేసి, సద్దు పెట్టుకున్నావు."

జయమ్మ కాఫీ తెచ్చింది, అతను తాగి వెళ్ళాడు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆల్బమ్ మొదటి నుంచి విన్నాను. అతను చెప్పింది నిజం. పాటకూ పాటకూ, వాక్యానికీ వాక్యానికీ మధ్య గాలి చచ్చిపోయి ఉంది. ఇన్నేళ్ళు అది నాకు వినపడలేదు. నా పని నేను చాలా బాగా చేశాను, అందుకే వినపడలేదు.

అసలుది పంపు అన్నాడు

రెండు నెలలు తిరక్కుండానే రెంజో నుంచి ఫోన్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు పోల్చుకోలేకపోయాను. రెండు మాటలు, ఒక ఆగుడు. మళ్ళీ రెండు మాటలు. వెనక ఏదో యంత్రం గుర్రుమంటోంది. ఊపిరితిత్తులు పోయాయట, ముక్కుకు ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టం ఉంటుందట. ఊదడం మానేసి చాలా కాలమైంది. అక్కడ స్నేహితులు ఎవరో ఆల్బమ్‌ను మళ్ళీ తెస్తామంటున్నారు. "అది తర్వాతి మాట" అన్నాడు. "కెలవరపల్లి నేను ఊదినది ఊదినట్టు నాకు పంపు. మధ్యలో నేను ఎట్లా ఊపిరి పీల్చానో వినాలి. నా అంతట నేను పీల్చినది. పోయేలోపల ఒక్కసారి."

డిస్కు ఎక్కడో ఉంది, వెతికి పంపుతాను అని జవాబు పెట్టాను. అబద్ధం. చెరిపిన చెయ్యి నాదే.

అయినా వెతికాను. ఎందుకు వెతికానో దేవుడికే తెలియాలి. అటకలు దింపాను, పాత కంప్యూటర్లు విప్పాను. బెంగళూరు పోయి, చెరిపినవి తిరిగి తీస్తామనే వాళ్ళ చుట్టూ తిరిగాను. ఆ డిస్కు మీద ఎన్నోసార్లు వేరేవి రాసేశారు, లాభం లేదన్నారు. కృష్ణగిరి కూడా పోయాను. అక్కడ ఆ రికార్డింగ్ ఉండే అవకాశమే లేదు. దొరస్వామి గారు పోయారు, పైగదిలో ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. మెట్ల మీద కాసేపు నిలబడి వచ్చేశాను. తిండి సయించలేదు. బస్సెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం.

జయమ్మ ఒకరోజు తలుపుకు అడ్డం నిలబడింది.

"ఈ పొద్దు యాడికి?"

"సుమ్మనే. ఊరికే అట్ల పోయొస్తా."

"యాడ ఎతుకుతావు నువ్వు? చెరిపేసింది నువ్వే గదా, నాకు తెలీదా? ఆయప్ప ఆడ ఎదురు చూస్తా ఉండాడు. నువ్వు ఈడ బస్సులు తిరగతా ఉండావు. చెప్పేసెయ్. తిడితే పడు."

ఆ మధ్యాహ్నమే వీడియో కాల్ చేశాను. ఫోన్ పట్టుకున్నది అతని కూతురు లీవియా. దిండ్లకు ఆనుకుని రెంజో. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. ఊపిరి మొత్తం నేనే కోసేశాను. అసలుది ఆ రోజే చెరిపేశాను. డిస్కు ఎక్కడో ఉందన్నది అబద్ధం.

రెంజో ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకున్నాడు. తర్వాత ఒక్కో ముక్కగా అన్నాడు. "కోసేశావని నాకు మొదటిసారి విన్నప్పుడే తెలుసు. అసలుది నీ దగ్గర ఉంటుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ధైర్యంతోనే ఉన్నాను. సీడీలు పెట్టెలోనే ఉన్నాయి. ఒకరిద్దరు స్నేహితులకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. అందులో ఊదుతున్నది నేను కాదు."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఎంత సంతోషంగా చేశావో వింటేనే తెలిసింది. ఎట్లా చెప్పేది?" అన్నాడు. తల అటు తిప్పుకున్నాడు. కాల్ కట్ అయింది.

ఆ ఆల్బమ్‌ను లోకం పట్టించుకోలేదని ఇన్నేళ్ళు లోకాన్ని తిట్టాను నేను. లోకం దాకా అది పోనేలేదు. పోకుండా ఆపింది నా పనితనం.

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ నాలుగు రోజులు నేను నడిచినంత మా అన్న మంద కూడా నడిచి ఉండదు. ఐదో రోజు ఫోన్ మోగింది. రెంజోనే. పలకరింపు లేదు.

"పాట పెట్టు."

"కెలవరపల్లి" పెట్టాను. నా దగ్గరున్నది ఆ అతికిన పాటే. అతను కళ్ళు మూసుకుని వింటూ చూపుడువేలు పైకెత్తాడు. నాకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ ఎత్తాడు. ఆపి, వెనక్కి పోయి, ఆ చోటు విన్నాను. నేను అతికించిన చోటు అదే. అతని వేలికి గుర్తుంది. పాట మొత్తం అట్లా వేలు ఎత్తుతూ పోయాడు, నేను గుర్తులు పెట్టుకుంటూ పోయాను. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. పాట అయిపోయాక కూడా వేలు ఎత్తాడు.

"అక్కడ పాట అయిపోయింది" అన్నాను.

"ఊదడం అయిపోయాక మనిషి గాలి పీల్చుకోడా? అది కూడా కోసేశావు."

ఇప్పుడు పీలుస్తాను, రికార్డు చేసి పెట్టు అన్నాడు. అప్పటి ఊపిరి కాదు కదా అన్నాను. "నాదే కదా" అన్నాడు.

లీవియా ఒక మంచి మైకు తెచ్చి మంచం పక్కన పెట్టింది. రోజుకు రెండో మూడో, అంతకంటే అతని వల్ల కాలేదు. చప్పుడు పడుతుందని ఆక్సిజన్ యంత్రం ఆపబోయాడట. వద్దే వద్దని అరిచాను, దాని రొద ఉంటే ఉండనీ అన్నాను. ఒక్కొక్కటే వచ్చేది. ఒక్కొక్క చోట పాటను విప్పి, మధ్యలో పెట్టేవాణ్ణి. ముసలి ఊపిరి కదా, ఆలస్యంగా మొదలై ఆలస్యంగా ముగిసేది. పట్టేంత చోటు ఇచ్చి, పాటను ఆగనిచ్చాను. వెంట్రుకవాసి కూడా కోయలేదు.

పిల్లలారా, మీకు చెప్పదలచుకున్నది చెప్పేశాను. మనిషి ముందు, చప్పుడు తర్వాత. ఏది తీసేసేముందైనా ఆ మనిషిని అడగండి. అసలుది చెరపకండి. ఇంతకంటే నాకేమీ తెలియదు.

చిట్టచివరిది, ఊదడం అయ్యాక పీల్చేది, ఒక వారం ఆలస్యంగా వచ్చింది. ఊపిరి లోపలికి పోతుంది, చాలాసేపు పోతుంది, మధ్యలో ఒకసారి తడబడుతుంది. తర్వాత లీవియా గొంతు ఇటాలియన్‌లో ఏదో అడుగుతుంది. అతను ఒక్క మాట అంటాడు. ఏమిటది అని ఆమెకు రాశాను. ఇక చాలా నాన్నా అని అడిగాను, ఇంకొకటి అన్నాడు, అని జవాబిచ్చింది. కావాలంటే ఆ మాటలు తీసెయ్యండి అని కూడా రాసింది.

తీయలేదు. పాట ఇప్పుడు ఆ మాట దగ్గర అయిపోతుంది. ఇంకొకటి రాలేదు.